కుమ్రం భీం: కాగితంలో లేని నేల కోసం ఒక జీవితం



కుమ్రం భీం పేరు చెప్పగానే మీలో చాలామందికి 2022లో వచ్చిన ఆర్‌ఆర్‌ఆర్ సినిమా గుర్తొస్తుంది. మంచిదే, ఆ పేరు దేశం దాటి పోయింది. కానీ అది కల్పిత కథ. అల్లూరి సీతారామరాజు, భీం ఎప్పుడూ కలుసుకోలేదు. రాజు 1924లో చనిపోయారు. భీం జోడేఘాట్ కొండల్లో పోరాడింది ఆ తర్వాత పదిహేనేళ్ళకు. సినిమాలో కనిపించని అసలు భీం కథలో పులులతో కుస్తీలు లేవు. దున్నుకునే చెలక, పశువులు మేసే బీడు, చేతిలో లేని ఒక కాగితం ఉన్నాయి. ఆ కథ మైపాడు ఒడ్డున ఉన్న మనకు కూడా బాగా దగ్గరది. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

అడవికి గీత గీసిన కాలం

భీం 1901లో ఆదిలాబాద్ ప్రాంతంలో, ఆసిఫాబాద్ దగ్గర సంకేపల్లిలో గోండు కుటుంబంలో పుట్టారు. తండ్రి పేరు కుమ్రం చిన్ను. అప్పట్లో ఆ ప్రాంతం హైదరాబాదు నిజాం రాజ్యంలో ఉండేది.

గోండులు అప్పుడు వ్యవసాయం ఎలా చేసేవారో తెలిస్తేనే తర్వాత జరిగిందంతా అర్థమవుతుంది. కొండవాలు నేల పలుచన. రెండు మూడేళ్ళు జొన్న, సామ, కొర్ర పండించాక దాని సత్తువ తగ్గుతుంది. అప్పుడు దాన్ని బీడు పెట్టి పక్క నేలకు వెళ్ళేవారు. కొన్నేళ్ళకు బీడు కోలుకున్నాక మళ్ళీ దానికే వచ్చేవారు. ఆ బీడులో పశువులు మేసేవి. మేత భూమి ఏ ఒక్కరిదీ కాదు, ఊరందరిదీ. ఏ నేల ఎవరు దున్నాలో, ఏ వాలు ఎన్నాళ్ళు వదలాలో ఊరి పటేల్, పెద్దలు కూర్చుని చెప్పేవారు. అదంతా నోటి మాట మీద నడిచేది. కాగితం అవసరం ఎవరికీ రాలేదు.

తర్వాత సర్కారు అడవిని కొలిచింది. కలపకు విలువ పెరిగింది కాబట్టి అడవిని రిజర్వు చేస్తూ గీతలు గీసింది. ఆ రోజు ఎవరూ దున్నని నేలంతా అడవిగా లెక్కకట్టారు. అంటే నేలకు మేలు చేద్దామని గోండులు వదిలిన బీడు, వాళ్ళ దగ్గర పట్టా లేదు కాబట్టి, అడవి గీత లోపలికి వెళ్ళిపోయింది. తాతల నాటి సాగు ఒక్కసారిగా నేరమైంది. మరోవైపు రోడ్లు పడి, బయటి నుంచి వచ్చినవాళ్ళు కచేరీకి వెళ్ళి అదే నేలకు తమ పేరున పట్టాలు రాయించుకున్నారు. పట్వారీ భాష వాళ్ళకు తెలుసు, గోండుకు తెలియదు.

దీనిపైన పన్నులు వచ్చాయి. అడవిలో పశువు మేస్తే బంచరాయి పన్ను, కట్టెలు తెచ్చుకుంటే మరో పన్ను. అవి కట్టలేకపోతే జంగ్లాత్ చౌకీదార్లు పశువులను తోలుకుపోయేవారు. వాళ్ళకు కోళ్ళు, నెయ్యి, వెట్టిచాకిరీ వేరే ఇచ్చుకోవాలి. రూలు రాసినవాళ్ళకు పొలం అంటే ఏటా దున్నే చదునైన నేల, ఒక మనిషి పేరు మీద ఉండేది. కొండవాలుకు గాని, ఊరుమ్మడి బీడుకు గాని ఆ రూలులో చోటే లేదు.

చాందా, అస్సాం, మళ్ళీ అడవి

భీంకు పదిహేనేళ్ళు వచ్చేసరికి తండ్రి పోయారు. జంగ్లాత్ వాళ్ళతో జరిగిన గొడవలోనే ఆయన ప్రాణం పోయిందని గోండుల నోట ఈనాటికీ వినిపించే మాట. కుటుంబం సుర్దాపూర్‌కు వలసపోయి అక్కడ కొంత నేల బాగుచేసుకుంది. పంట చేతికొచ్చే సమయానికి సిద్దిఖీ అనే అధికార బలమున్న మనిషి ఆ నేల తనదంటూ వచ్చాడు. అతని దగ్గర కాగితం ఉంది, వీళ్ళ దగ్గర చెమట మాత్రమే ఉంది. ఆ ఘర్షణలో భీం చేతి దెబ్బకు సిద్దిఖీ చనిపోయాడు. భీం రాత్రికి రాత్రి ఊరు విడిచి, కాలినడకన చాందా చేరారు. ఇప్పటి మహారాష్ట్రలోని చంద్రపూర్ అదే.

చాందాలో విఠోబా అనే ఆయన అచ్చు యంత్రం నడుపుతుండేవారు. భీం అక్కడ పనికి కుదిరారని, అక్షరాలు, ఉర్దూ, హిందీ, కొంత ఇంగ్లీషు అక్కడే నేర్చుకున్నారని ఆయన కథ చెప్పేవాళ్ళంతా అంటారు. ఉపాధ్యాయ శిక్షణ పొందినదాన్ని కాబట్టి నాకు ఆయన జీవితంలో ఈ ఘట్టం అంటే ప్రత్యేకమైన ఇష్టం. ఊరిని దోచింది కాగితమైతే, ఆ కాగితాన్ని చదవడం నేర్చుకోవాలన్న పట్టుదల ఆయనకు అక్కడే కలిగి ఉంటుంది. విఠోబా అరెస్టయ్యాక భీం అస్సాం తేయాకు తోటలకు కూలీగా వెళ్ళి కొన్నేళ్ళు పనిచేశారు. కూలీల గొడవల్లో తల దూర్చి జైలుపాలై, తప్పించుకుని, తిరిగి ఆసిఫాబాద్ అడవులకు చేరారు.

కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ దగ్గర పనికి కుదిరి, ఆయన భూమి తగాదాను కచేరీలో నడిపి గెలిపించారు. ఆ గెలుపుతో చుట్టుపక్కల గూడేల్లో భీంకు పేరొచ్చింది. మన మనిషి కచేరీకి వెళ్ళి మాట్లాడి రాగలడని తొలిసారి వాళ్ళు కళ్ళారా చూశారు. తర్వాత పెళ్ళి చేసుకుని, బాబెఝరి ప్రాంతంలో అడవి నరికి, తనవాళ్ళతో సాగు మొదలుపెట్టారు.

మొరతో మొదలై, పోరుతో ముగిసి

భీం మొదటి రోజే తుపాకీ పట్టలేదన్నది మీరు ప్రత్యేకంగా గమనించాలి. బాబెఝరి, జోడేఘాట్, పట్నాపూర్ వంటి పన్నెండు గూడేల గోండులు, కోలాములు కొత్తగా బాగుచేసుకున్న నేలల నుంచి వాళ్ళను జంగ్లాత్ వాళ్ళు వెళ్ళగొట్టారు, ఇళ్ళు తగలబెట్టారు. భీం అర్జీలు పెట్టారు. హైదరాబాదు దాకా వెళ్ళి మొర వినిపించాలని చూశారు. పై నుంచి కాస్త ఊరట దొరికినట్టే అనిపించినా, కింద చౌకీదారు దాన్ని అమలు కానివ్వలేదు. అర్జీలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

అప్పుడు పన్నెండు గూడేల యువకులను కూడగట్టారు. నీరు, అడవి, భూమి అనే మూడు మాటలు ఆయన పేరుతో కలిసిపోయింది ఈ పోరాటంలోనే. ఆ మూడూ విడదీయలేనివన్నది ఆయన ఆలోచన. పొలానికి పట్టా ఇచ్చి బీడుకు పన్ను వేస్తే ఎద్దు బతకదు, ఎద్దు లేకపోతే పొలం సాగదు.

సర్కారు రాజీకి వచ్చిందని, ఆ పన్నెండు గూడేలకు పట్టాలు, అప్పుల మాఫీ ఇస్తామని కబురు పంపిందని చెబుతారు. జైల్లో ఉన్న తమవాళ్ళను విడిచిపెట్టాలని, తమ ప్రాంతాన్ని తామే పాలించుకోవాలని అడుగుతూ భీం దానికి ఒప్పుకోలేదు. కొందరికి కాగితం ఇచ్చి రూలును అలాగే ఉంచితే మిగిలిన గూడేల గతి ఏమిటన్న ప్రశ్న ఆయన ముందుంది. అది ఆయన తొందరపాటా, దూరదృష్టా అని మీరు మీలో మీరు వాదించుకోండి. వాదించదగ్గ విషయమే.

1940 ఆశ్వయుజ పౌర్ణమి నాడు, కుర్దు పటేల్ అనే మనిషి దారి చూపగా పోలీసులు జోడేఘాట్ కొండ చుట్టుముట్టారు. కాల్పుల్లో భీం, ఆయన అనుచరులు పలువురు నేలకొరిగారు. ఇప్పటికీ ఏటా ఆ పౌర్ణమికి జోడేఘాట్‌లో వర్ధంతి జరుపుతారు. 2016లో ఏర్పడిన జిల్లాకు కుమ్రం భీం ఆసిఫాబాద్ అని ఆయన పేరే పెట్టారు.

చావు తర్వాత మారిన రూలు

భీం చనిపోయాక సర్కారుకు ఒక అనుమానం వచ్చింది. ఇంత నెమ్మదైన జనం ఎందుకు తిరగబడ్డారని. కారణాలు తెలుసుకోవడానికి ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పిలిచింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయి గూడెంలో గుడిసె వేసుకుని ఉన్నారు. గోండులకు నేల మీద హక్కు ఉన్నా అది కాగితంలో లేకపోవడమే అసలు జబ్బని ఆయన తేల్చి చెప్పారు.

ఆ తర్వాత 1940లలో గిరిజనులకు లావణి పట్టాలు ఇచ్చారు. ఆదిలాబాద్ జిల్లాలోనే లక్ష ఎకరాలకు పైగా భూమి వాళ్ళ పేరున చేరింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టి, గోండి భాషలో వాచకాలు తయారుచేశారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు కూర్చుని గిరిజనుల మొర వినే దర్బారు కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. భీం బతికుండగా అర్జీతో రాని పట్టా, ఆయన రక్తం చిందాక వచ్చింది. అలా రావాల్సిన పని లేదు. రూలు రాసేటప్పుడే ఆ నేల ఎలాంటిదో చూసి రాసి ఉంటే ఇంత జరిగేది కాదు.

ఆ గీత ఈనాడు ఎక్కడుంది

ఇప్పుడు పన్ను వేసే సర్కారు కాదు, సాయం ఇచ్చే సర్కారు. కానీ ఆ సాయం ఎవరికి అందాలో చెప్పే గీత మాత్రం ఉంది. పీఎం కిసాన్ కింద ఏటా రైతు కుటుంబానికి 6,000 రూపాయలు వస్తాయి. 2019లో మొదలైనప్పుడు రెండు హెక్టార్ల పరిమితి ఉండేది, ఆ ఏడాదే తీసేశారు. ఎక్కువ భూమి ఉన్నవాళ్ళకు తలుపు తెరుచుకుంది. రికార్డులో పేరు లేని సాగుదారుకు మాత్రం తెరుచుకోలేదు. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు ఎకరానికి ఇంత అని లెక్కకట్టేది. ఎన్ని ఎకరాలున్నా ఇచ్చారు, కౌలుదారుకు ఇవ్వలేదు. దానివల్ల పట్టా ఉన్నవాడికి సాయం, దున్నేవాడికి చూపు మిగిలింది.

మార్పులు వచ్చాయి, అవీ చెప్పుకోవాలి. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లోనే పోడు పట్టాల పంపిణీ మొదలైంది. 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలు ఇస్తున్నట్టు తెలంగాణ ప్రభుత్వం ప్రకటించి, ఆ భూములకూ రైతుబంధు వర్తింపజేసింది. మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 15న నెల్లూరు దగ్గర కాకుటూరులో మొదలైన రైతు భరోసాలో అటవీ హక్కు పట్టా ఉన్న గిరిజనులను, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులను చేర్చారు. భీం అడిగినదాంట్లో ఒక ముక్క ఇన్నేళ్ళకు రూలులోకి వచ్చింది.

మిగిలిన ముక్క ఉమ్మడి నేల. ఊరందరి మేత భూమికి ఏ ఒక్కరి పేరునా పట్టా ఉండదు, ఉండకూడదు కూడా. అందుకని దాని మీద బతికేవాళ్ళు రైతుల లెక్కలోకి రారు. ఉమ్మడి నేలను లెక్కించడం కుదరని పనా? కాదు. ఈశాన్య రాష్ట్రాల్లో భూమి తెగ ఉమ్మడి ఆస్తి కాబట్టి పీఎం కిసాన్‌కు అక్కడ వేరే పద్ధతి పెట్టారు. మణిపూర్‌లో ఫలానా కుటుంబం ఫలానా నేల సాగుచేస్తోందని ఊరి పెద్ద రాసిచ్చి, అధికారి ధృవీకరిస్తే చాలు. స్కాట్లాండ్ కొండల్లో క్రాఫ్టర్లనే చిన్న రైతులు ఊరుమ్మడి బీడులో గొర్రెలు మేపుతారు. అక్కడ ఒక్కొక్కరి మేత వాటాను లెక్కగట్టి, ఆ మేరకు రైతు సాయం ఇచ్చే పద్ధతి ఉంది. నేల స్వభావాన్ని బట్టి రూలు మార్చడానికి దారులు ఉన్నాయి. వాటిని అడిగేవాళ్ళు కావాలి.

మైపాడు నుంచి చూస్తే

ఇక మన సంగతి. ఇందుకూరుపేట మండలమంతా పెన్నా డెల్టా మాగాణి. కానీ యానాదులకు ఆ మాగాణిలో పట్టా ఎంతమందికి ఉంది? మనం కయ్యల్లో కూలికి పోతాం, కాస్త నేల కౌలుకు చేస్తాం, వాగుల్లో చేపలు, పీతలు పడతాం, సరుగుడు తోటల పక్కన, ఇసుక దిబ్బల మీద మేకలు మేపుతాం. హాస్టల్‌లో చేరేటప్పుడు తండ్రి వృత్తి అన్న గడిలో మన పిల్లలందరూ కూలీ అనే రాస్తారు. ఆ తండ్రి రెండెకరాలు కౌలుకు చేస్తున్నా, పది మేకలు మేపుతున్నా అదే మాట. మనమే మనల్ని రైతుల లెక్కలోంచి తీసేసుకుంటున్నాం.

ఇంకో సంగతి. నెల్లూరు జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. ఏజెన్సీలో గిరిజనుల భూమిని కాపాడే 1/70 చట్టం మనకు వర్తించదు. అప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోటలో అడవి మీద బతికిన యానాదులు, రాకెట్ కేంద్రం కోసం దీవిని తీసుకున్నప్పుడు ఆ అడవి వదలాల్సి వచ్చింది. తరతరాల వాడకం ఉన్నా పేరున కాగితం లేకపోతే ఏమవుతుందో మన జిల్లా చరిత్రలోనే ఉంది.

అందుకని కాగితాల సంగతి కాస్త వివరంగా చెబుతాను.

నేల అటవీ శాఖది అయితే, ఉదాహరణకు వెలిగొండ వైపు ఉన్న మనవాళ్ళకు, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి నాలుగు హెక్టార్ల వరకు హక్కు వస్తుంది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటుంది, అమ్ముకోవడానికి వీల్లేదు. మేత హక్కు ఆ చట్టంలో విడిగా ఉంది. దాన్ని ఊరంతా కలిసి ఉమ్మడి హక్కుగా అడగవచ్చు. గ్రామసభ దగ్గర దరఖాస్తు మొదలవుతుంది. పెద్దలు చెప్పిన మాటను రాసి పెట్టినా అది సాక్ష్యం కింద చెల్లుతుంది. మన తాతల నోటి మాటకు చట్టం విలువ ఇచ్చిన చోటు ఇది. దాన్ని రాసిపెట్టాల్సింది చదువుకున్న మీరే.

నేల రెవెన్యూ మేత పోరంబోకు అయితే, దాన్ని ఎవరైనా ఆక్రమించి రొయ్యల గుంట తవ్వితే అడగడానికి దారి ఉంది. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011లో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. పోరంబోకు సర్వే నంబరు, విస్తీర్ణం అడంగల్‌లో ఉంటాయి. చూసి రాసిపెట్టుకోండి.

కౌలుకు చేస్తుంటే, 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల ఒప్పందంతో సాగుదారు కార్డు తీసుకోవచ్చు. భూ యజమాని సంతకం కావాలి, చాలామంది పెట్టరు. అందుకే ఈ రూలు ఇంకా మారాలని అడగాలి. సాగు చేస్తున్నాడని ఊరి పెద్ద రాసిచ్చి, అధికారి ధృవీకరిస్తే చాలన్న పద్ధతి మణిపూర్‌లో కుదిరినప్పుడు ఇక్కడ ఎందుకు కుదరదు?

మేకలు, గొర్రెలు, చేపలు ఉన్నవాళ్ళకు కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. 2018–19 బడ్జెట్‌తో దాన్ని పశుపోషణకూ చేపలకూ విస్తరించారు. దానికి సొంత పొలం ఉండనక్కర్లేదు. సంఘంగా కూడా అడగవచ్చు.

భీం ఇచ్చిన పని

భీంను మనం విగ్రహంగా, పాటగా, సినిమాగా చాలాసార్లు చూశాం. ఆయన జీవితంలో ముందు అచ్చుయంత్రం వచ్చింది, తర్వాత అర్జీ వచ్చింది, ఆ రెండూ పనిచేయనప్పుడే ఆయుధం వచ్చింది. ఈనాడు మన చేతిలో ఓటు ఉంది, గ్రామసభ ఉంది, సమాచార హక్కు ఉంది. ఆయన కాలంలో ఇవేవీ లేవు. కాబట్టి మనం మొదటి రెండింటినీ ఆయనకన్నా గట్టిగా పట్టుకోవాలి.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ కాలనీలో ప్రతి ఇంటికీ వెళ్ళి ఒక నోటు పుస్తకంలో నాలుగు విషయాలు రాయండి. ఆ ఇంటివాళ్ళు ఏ నేల సాగు చేస్తున్నారు, ఎన్నేళ్ళుగా, పశువులు ఎక్కడ మేస్తాయి, ఏ కాగితం ఉంది, ఏది లేదు. ముసలివాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసి, వేలిముద్ర వేయించండి. తారీఖు వేయడం మరచిపోకండి. తర్వాత గ్రామసభ జరిగినప్పుడు ఆ పుస్తకం తీసుకువెళ్ళి, రాసినవి సభ తీర్మానంలో ఎక్కించమని అడగండి. తీర్మానం నకలు తీసుకుని సంఘం దగ్గర భద్రపరచండి.